ప్రోబు కంటే ముందు చెయ్యి

అమలాపురం

అమ్మాయ్,

ఫిజియోథెరపీ పీజీ థీసిస్‌కి భుజాన్ని ఎంచుకున్నావని మీ నాన్న చెప్పాడు. కొబ్బరి దింపు కార్మికుల్నీ, పక్షవాతం వచ్చినవాళ్లనీ కూడా అల్ట్రాసౌండ్‌తో కొలుస్తానన్నావట. రెండూ వద్దు. దింపువాళ్లనే పట్టుకో. అంబాజీపేట చుట్టూ చేతులు తలపైకెత్తి బతికేవాళ్లకి కొదవా?

నువ్వు చూసేది ఎక్రోమియన్, అంటే భుజం పైకప్పులా ఉండే రెక్క ఎముక కొస, దాని అడుగు అంచుకీ, దండ ఎముక తలకీ మధ్య ఉన్న సందు. చెయ్యి కిందికి వదిలేసి కూర్చుంటే మామూలు భుజంలో అది సుమారు ఒక సెంటీమీటరు. చెయ్యి పక్కకి లేచేకొద్దీ తగ్గుతుంది. చేతిని పక్కకి లేపే సుప్రాస్పైనేటస్ కండని ఎముకకి కట్టే టెండన్ ఉండేది అందులోనే. ఆ ఇరుకులో టెండన్ ఒరుసుకుని పాడవుతుందని 1972లో అమెరికా ఎముకల సర్జన్ చార్లెస్ నీర్ రాశాక అందరి చూపూ దానిమీదే పడింది. ఇప్పుడు అంత ఖాయంగా ఎవరూ చెప్పట్లేదులే. సందు తగ్గినవాళ్లందరికీ నొప్పి ఉండదు. అందుకని థీసిస్‌లో పెద్ద మాటలు రాయకు.

నీకు దొరికే తేడాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు. మనిషి కాస్త గూనిగా కూర్చుంటే స్కాపులా, అదే రెక్క ఎముక, తిరిగి, ఆ మాత్రం తేడా దానంతటదే వచ్చేస్తుంది. చర్మం మీద ఆనించే స్కానింగ్ ప్రోబు ఎలాగూ రేడియాలజిస్టు గారి చేతిలో ఉంటుంది. నీ పని చేతిని నిలబెట్టడం. స్టూలు ఎత్తు, పాదాలు నేలకి ఆనాయా, మెడ ఎటుంది, అరచెయ్యి ఎటు తిరిగింది, మోచెయ్యి వంగిందా, అన్నీ కాగితం మీద పడాలి. కోణం కంటితో అంచనా వెయ్యకు, గోనియోమీటరు పెట్టు. కిందికి వదిలినప్పుడు, 30, 60 డిగ్రీల దగ్గర చాలు. ఆపైన ఎక్రోమియన్ నీడ పడి కొలత నమ్మకంగా రాదు. ఇంకోటి, తనే ఎత్తి పట్టుకున్న చెయ్యీ, దిండు మీద ఆనించిన చెయ్యీ ఒకటి కావు. కండ బిగిస్తే ఎముక కదులుతుంది. రెండింటినీ ఒకే గడిలో రాశావంటే చేసిందంతా వృథా.

ప్రతి భంగిమలో మూడుసార్లు, ప్రతిసారీ ప్రోబు తీసి మళ్లీ పెట్టి కొలవమను. జెల్లు ధారాళంగా వెయ్యాలి, ప్రోబుతో నొక్కకూడదు. టెండన్ మీద అది కొంచెం వాలినా నల్లగా కనబడి చిరిగిందేమో అనిపిస్తుంది. అది చూసి కంగారుపడి ఆ మనిషిని భయపెట్టకు.

రెండో భుజంతో పోల్చేస్తానంటావేమో. చెట్టెక్కేటప్పుడు రెండు చేతులూ పనిచేస్తాయి, కాబట్టి రెండోది కూడా మంచి భుజమని అనుకోకు. కత్తి ఏ చేత్తో పడతారో అడిగి రాసుకో. చెట్లెక్కని మనుషుల్నీ, అదే వయసువాళ్లని, పక్కన పెట్టుకుని కొలువు.

పోర్టబుల్ మిషను పట్టుకుని తోటల వెంట తిరుగుదామనుకుంటే అది కుదరదు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం మిషనుకీ, అది ఉన్న చోటుకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. భుజమే కదా చూస్తున్నాం అంటే వినరు. వాళ్లనే స్కానింగ్ సెంటరుకి రప్పించు. కొందరిని పొద్దున్నే, కొందరిని దింపు అయ్యాక పిలవకు. అలసిన కండ రెక్కని ఒకేలా నిలబెట్టదు. రోజుకూలీ పోగొట్టుకుని వస్తారు, ఆ డబ్బూ, ఆటో ఖర్చూ ముందే లెక్కలో వేసుకో. సంక్రాంతి ముందు ఎవరూ రారు.

ఎథిక్స్ కమిటీకి పంపే ముందు నీ కొలతల ఫారం నాకు పంపు. చూసి ఫోన్ చేస్తాను.

పెదనాన్న