హెర్నియా ఆపరేషన్‌కు నెలన్నర ఆగవచ్చా? అప్పు చేసి ప్రైవేటుకు వెళ్లాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాన్నకు 64 ఏళ్లు. ఏడాదిగా గజ్జలో ఉబ్బు ఉంది, హెర్నియా అన్నారు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తామని నెలన్నర తరువాతి తేదీ ఇచ్చారు. ప్రైవేటులో 50 వేలు అడుగుతున్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. ఇంగ్లండులో ఉన్న మా బావ, అక్కడా వైద్యం ఉచితమే గానీ తుంటి ఆపరేషన్‌కు ఏడాదిగా ఎదురుచూస్తున్నానని చెప్పాడు. అందరికీ ఉచిత వైద్యం అంటే ఇంతేనా?

సమాధానం: ముందు నాన్నగారి సంగతి. పడుకున్నప్పుడు ఉబ్బు దానంతట అదే లోపలికి పోతోందా? నొప్పి పెద్దగా లేదా? అయితే నెలన్నర ఆగవచ్చు, అప్పు వద్దు. మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,500. వడ్ల పుట్టి ధర బాగా పలికినా ఆ వడ్డీ దాన్ని తినేస్తుంది.

ఈలోగా ఆయన వడ్ల బస్తాలు ఎత్తకూడదు. బీడీ అలవాటుంటే మానిపించండి. దగ్గిన ప్రతిసారీ పేగు బయటికి తోసుకొస్తుంది. మలవిసర్జనకు గానీ మూత్రానికి గానీ ముక్కవలసి వస్తుంటే ఆ మాట సర్జన్‌కు ముందే చెప్పండి. మగవాళ్లు దీన్ని సిగ్గుపడి దాస్తారు.

ఉబ్బు గట్టిపడి లోపలికి పోకుండా నిలిచిపోయి, నొప్పి, వాంతులు మొదలై, గాలి కూడా పోకపోతే పేగు ఇరుక్కుందని అనుమానించాలి. చేత్తో నెట్టే ప్రయత్నం చేయకండి. ఇచ్చిన తేదీ సంగతి మరచి 108కి ఫోన్ చేయండి. అప్పుడు గంటలే లెక్క.

మీ బావ చెప్పింది అబద్ధం కాదు. బ్రిటన్‌లో 1948 జూలై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవలో, రాసిచ్చిన 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది లక్ష్యం. ఏళ్లుగా అది అందడం లేదు. ఎదురుచూపుల జాబితా 70 లక్షలు దాటింది. అయితే అదే బావను, గుండెపోటుతో ఆసుపత్రిలో చేరితే బిల్లు ఎంత వేస్తారో కూడా అడగండి. ఏమీ వేయరు. తుంటి ఆపరేషన్ కొన్నాళ్లు ఆగవచ్చు, గుండెపోటుకు వైద్యం ఆగకూడదు. వరుసను ప్రమాదాన్ని బట్టి పేర్చినంత కాలం ఎదురుచూపును నేను తప్పుపట్టను. డబ్బును బట్టి పేర్చడమే నాకు నచ్చదు.

మన పథకంలో నాకు కనిపించే లోపం వేరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్నది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం. ఆపరేషన్‌కు ఇంత అని చెల్లించే చోట, కత్తి పట్టుకుంటేనే ఆసుపత్రికి ఆదాయం. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద విమర్శలు ఊరికే రాలేదు. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం చాలామంది మందుల షాపులోనే కొంటారు. నెలకు రాసినవి రెండు నెలలు వచ్చేలా రోజు విడిచి రోజు మింగేవారిని తరచూ చూస్తుంటాను. చివరికి పక్షవాతంతో చేరాక కార్డు పనికొస్తుంది! ఈ మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, తీసుకోండి.

నాన్నగారికి బీపీ, షుగర్ ఇప్పుడే చూపించండి. ఎక్కువగా ఉంటే మత్తు డాక్టరు ఆపరేషన్ వాయిదా వేస్తారు. కార్డు, ఆధార్ ముందే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రకు చూపించండి. ఎవరైనా డబ్బు అడిగితే 104కు ఫిర్యాదు చేయండి. తేదీ వరికోతల మీద పడినా మార్చుకోకండి; వరుస తప్పితే మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాల్సి రావచ్చు.