కింది పళ్ల సంగతి

తమ్ముడూ,

మామూలు కట్టుడుపళ్లు సరిపోతాయా, ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించే మరలు, వేయించుకోవాలా అని అడిగావు. రెండూ చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా. ముందు పై పళ్లనీ కింది పళ్లనీ విడదీసి ఆలోచించు.

పై సెట్టు అంగిలిని అతుక్కుని కూర్చుంటుంది. నావి ఇప్పటికీ మామూలువే, ఏ ఇబ్బందీ లేదు. కింద అంగిలి లేదు, నాలుక ఉంది. అదేమో ఒకచోట ఉండదు. గుర్రపు నాడాలాంటి సన్నటి చిగురు మీద సెట్టు నిలవాలి. పైగా పళ్లు పోయాక కింది దవడ ఎముక పైదాని కంటే సుమారు నాలుగు రెట్లు అరుగుతుంది. ఇవాళ బిగుతుగా పట్టిన సెట్టు కొన్నేళ్లకు వదులయ్యేది అందుకే.

నమిలే బలం సొంత పళ్లతో పోలిస్తే నాలుగో వంతు మిగిలితే గొప్ప. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది అది కాదు. నవ్వొస్తే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్లేది. నలుగురిలో కూర్చుంటే ఆకలి లేదని అబద్ధమాడేదాన్ని. తుమ్మొస్తుందంటే భయం! ఇంట్లోవాళ్లు వయసు మీదపడి మాట తగ్గిందనుకున్నారు. తగ్గించింది వదులు పళ్లు.

చివరికి కింది దవడలో ముందువైపు రెండంటే రెండే టైటానియం మరలు వేయించుకున్నా. సెట్టు వాటి మీద టిచ్ బటన్‌లా టక్కున పడుతుంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు కూడా పళ్లన్నీ పోయిన కింది దవడకు ఇదే మొదటి ఎంపిక కావాలన్నారు. నోరంతా మరలతో నింపేద్దామని ఎవరైనా అంటే, రెండెందుకు చాలవో అడుగు. సరైన జవాబు రాకపోతే ఇంకో డాక్టరును చూడు.

ఎముక మరను పట్టుకోవడానికి మామూలుగా మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ పాత సెట్టుతోనే నెట్టుకురావాలి, నాకు అదే చికాకు. షుగర్ అదుపులో ఉండాలి. సిగరెట్ మానేశానని నాతో అంటావు, డాక్టరుకైనా నిజం చెప్పు. ఎముకల బలానికి వాడే మాత్రలు, ఇంజెక్షన్ల సంగతి అసలు దాచకు.

వేయించుకున్నాక పని అయిపోలేదు. లోపలి నైలాన్ రింగులు అరిగి పట్టు తగ్గితే మార్పించుకోవాలి. మర చుట్టూ రోజూ మెత్తటి బ్రష్‌తో తోమకపోతే చిగురు వాచి, కింద ఎముక కరుగుతుంది. రాత్రి సెట్టు తీసి నీళ్లలో వేయడం ఎలాగూ తప్పదు.

ఇంతకీ నీ సెట్టు నిన్ను నిజంగా ఇబ్బంది పెడుతోందా? కొంచెం వదులే అయితే, ముందు లోపలివైపు కొత్త పొర వేయించి చూడు. దాంతో హాయిగా ఉంటే కోత ఎందుకు?

ఎక్స్‌రే తీయించాక కింద ఎముక ఎంత మిగిలిందన్నారో నాకు రాయి.

నీ అక్క