డాక్టరు రాసిన మందు, అమ్మమ్మ రాసిన మందు

సందేహం: నేను రిటైరైన తెలుగు టీచర్ని. ఎనిమిదో తరగతి నుంచీ కొత్త మాట ఏది చెవిన పడినా నోటుబుక్కులో ఎక్కించుకోవడం నాకు అలవాటు. ఇప్పటికి పద్నాలుగు నోటుబుక్కులయ్యాయి. వాటిని మా మనవరాలు టైపు చేసిపెడుతోంది. నేను 'వ్రాయు', 'వ్రాత' అన్నచోటల్లా తను 'రాయు', 'రాత' అని మార్చేసింది. ఇదేమిటే అంటే "అమ్మమ్మా, నువ్వు మాట్లాడేటప్పుడు వ్రాయి అనవు కదా" అంటోంది. ఎవరిది ఒప్పు? 'వ్రాసాను' అనాలా, 'రాశాను' అనాలా? మోకాళ్ళకు తైలం వ్రాసుకుంటూ ఈ ఉత్తరం వ్రాస్తున్నాను, త్వరగా జవాబివ్వండి.

సమాధానం: అమ్మా, అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ పద్నాలుగు నోటుబుక్కులున్న మనిషి అడిగితే చెప్పేవాడికే కాస్త టెన్షన్. ముందే చెప్పేస్తున్నాను, రెండూ ఒప్పే. కానీ మీ ఇంట్లో గొడవ ఈ ఒక్క ముక్కతో తీరదని తెలుసు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

'వ్ర' కనపడగానే చాలామందికి అదేదో వ్రతంలాంటి మాట అనీ, సంస్కృతంలోంచి వచ్చిందనీ, వత్తు తీసేస్తే మైల పడిపోతుందనీ ఒక భయం. వ్రాయు అచ్చంగా మన మాటే. తమిళంలో 'వరై' అంటే గీయడం, కన్నడంలో 'బరె' అంటే రాయడం (మన వకారం ఉన్నచోట కన్నడంలో బకారం ఉండటం మామూలే). వాళ్ళ మాటల్లో వకారానికీ రేఫకీ (అంటే రకారానికీ) మధ్య ఒక అచ్చు ఉంది చూడండి, తెలుగులో ఆ అచ్చు రేఫను దాటి అవతలికి వెళ్ళిపోయింది, దాంతో ముందున్న హల్లూ రేఫా ఒకదానికొకటి అతుక్కుని 'వ్రా' అయ్యాయి. తమిళుల 'మరం' మనకు మ్రాను అయిందీ, వాళ్ళ 'విరల్' మనకు వ్రేలు అయిందీ ఇలాగే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1961లో తెలుగు క్రియాధాతువుల మీద వేసిన పుస్తకంలో ఇలాంటివి పద్ధతిగా చూపించారు.

అలా అతుక్కున్నవి ఎక్కువకాలం నిలవలేదు. మ్రాను మాను అయింది, వ్రేలు వేలు అయింది, క్రొత్త కొత్త అయింది, త్రాగడం తాగడం అయింది. వీటన్నిట్లో పోయింది రేఫ. ఆ లెక్కన వ్రాయు కూడా 'వాయు' కావాలి, మీరు నాకు ఉత్తరం 'వాశాను' అనాలి, ముఖం వాచినట్టు! అలా కాలేదు. ఇక్కడ వకారం పోయి రేఫ మిగిలింది. పెద్దలు రేఫ పోయిన మాటల్ని తేలిగ్గానే ఒప్పుకుని ఈ ఒక్క మాట దగ్గర మొరాయించడానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను, కొత్త, పాత అని హాయిగా రాసే మనిషి కూడా రాయు దగ్గరికి వచ్చేసరికి కలం ఆపి ఒక 'వ్ర' పెడతాడు. మీ ఉత్తరమే చూడండి, అందులో 'కొత్త మాట' అన్నారు గానీ 'క్రొత్త మాట' అనలేదు.

రాయు మొన్నమొన్న పుట్టిన రూపం అనీ, పత్రికలవాళ్ళు తెచ్చిపెట్టారనీ అనుకునేవాళ్ళున్నారు. రాయసం అనే మాట విన్నారా? కొలువుల్లో ఉత్తరాలూ ఉత్తర్వులూ రాసే పని అది. నిఘంటువుల్లో వ్రాయసం అని ఉంటుంది, కానీ కృష్ణదేవరాయల కొలువులోని కొండమరుసును చరిత్రలో రాయసం కొండమరుసు అనే అంటాం. రాయసం ఇంటిపేరుగా కూడా ఉంది, ఆ ఇంటిపేరు గలవాళ్ళెవరూ వ్రాయసం అని సంతకం చేయగా నేను చూడలేదు. ఇక తలరాత సంగతి చెప్పక్కర్లేదు, నెత్తి కొట్టుకుంటూ 'నా తలవ్రాత' అనే మనిషి ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి.

అయితే వ్ర ఉండాలనేవాళ్ళ దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. తెలుగులో ఇంకో రాయు ఉంది. రుద్దడం, పూయడం అనే అర్థంలో ఉన్నది. రాపిడి దాని చుట్టమే, రాసుకుపూసుకు తిరగడంలో ఉన్నదీ అదే. పాత పద్ధతిలో ఉత్తరం వ్రాస్తారు, నూనె రాస్తారు, తేడా కంటికి కనిపిస్తుంది. వకారం పోయాక రెండూ ఒకటైపోయాయి. చిన్నప్పుడు నాకు గజ్జి లేస్తే డాక్టరు చీటీ మీద మందు రాశాడు, అమ్మమ్మ ఆ మందే తెచ్చి వీపుకి రాసింది. ఇద్దరూ రాసినవాళ్ళే, మండింది మాత్రం రెండోసారి. ఇలాంటిచోట చీటీ, వీపు అనే మాటలే అర్థం చెప్పేస్తాయి కాబట్టి మాట్లాడేవాళ్ళకు ఎప్పుడూ తికమక రాలేదు.

తికమక అంతా వ్ర మీద మోజున్నవాళ్ళకే. ఆరో తరగతిలో 'నా దినచర్య' అని వ్యాసం ఇస్తే, వత్తు పెడితే మాటకు గౌరవం వస్తుందన్న నమ్మకంతో 'తలకు నూనె వ్రాసుకొని బడికి బయలుదేరుదును' అని రాశాను. మాస్టారు ఎర్రసిరాతో దాని చుట్టూ సున్నా చుట్టి, నన్ను లేపి, నా తల అటూ ఇటూ తిప్పి చూసి, "నూనెతో ఏం వ్రాశావురా, కందమా, సీసమా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. మాటల వెనకాల తిరిగే జబ్బు నాకు ఆ రోజే పట్టుకుందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు ఒక ఊళ్ళో పాత తాటాకుల కట్ట విప్పి చూపిస్తుంటే ఈ రెండు మాటలూ ఒకేచోట తగిలాయి. తాటాకు మీద గంటంతో రాస్తే వెంటనే అక్షరం కనపడదు, వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే సన్నటి గాడి కనపడుతుంది, అంతే. దీపపు మసి నూనెలో కలిపి ఆకంతా పట్టించి, గుడ్డతో తుడిచేస్తే, పైన ఉన్నది పోయి గాడుల్లోది నిలుస్తుంది, అప్పుడు అక్షరాలు నల్లగా తేలతాయి. అంటే ముందు గంటంతో వ్రాయాలి, ఆ తర్వాత మసి రాయాలి. రెంటికీ పుట్టుక వేరే అయినా, తాటాకు మీద పుస్తకం తయారవ్వాలంటే రెండూ కావలసివచ్చాయి.

ఇక రాశాను సంగతి. రాసి, రాసిన అన్నప్పుడు స ఉంది కదా, రాశానులో శ ఎక్కడిది అని మీ అనుమానం. అసలు రూపం రాసినాను. మధ్యలో 'న' జారిపోయి 'సి' వెళ్ళి 'ఆ'కు తగిలితే, ఆ ఇకారం పోతూపోతూ సకారాన్ని మెత్తబరిచి శ చేసింది. చేశాను, మోశాను, చూశాను, అన్నీ అంతే. రాయలసీమలో రాసినాడు అంటారు, తెలంగాణలో రాసిండు అంటారు, అక్కడ ఇకారం ఉంది కాబట్టి స అలాగే ఉంది. నిజానికి ఇకారం పక్కన మన నోరు శకారంవైపు మొగ్గడం పాత సంగతే, మెకంజీ దొర సేకరించిన పాత ఊళ్ళ చరిత్రల్లో, అంటే కైఫీయతుల్లో, 'వ్రాశి', 'చేశి' అనే ఉంటుంది. కాబట్టి రాసి, రాసిన, రాశాను అని రాసుకోండి. రాసాను అన్నా కొంప మునగదు గానీ, నేనైతే దిద్దుతాను.

మనవరాలితో రాజీ ఇలా కుదుర్చుకోండి. మీ సొంత వాక్యాల్లో రాయు అనే ఉండనివ్వండి, ఆ అమ్మాయి మాట నిజం, మీ నోట్లో వ్ర లేదు. పద్యాలు ఎత్తి రాసినచోట మాత్రం వత్తు కదపొద్దని చెప్పండి, వత్తు పోతే ఛందస్సు చెడే ప్రమాదం ఉంది, అది కంప్యూటరు చూసుకోదు. చేవ్రాలు (సంతకం) కూడా అలాగే వదిలేయమనండి, దాన్ని ఎవరూ చేరాలు అనరు. నోటుబుక్కుల్లో ఎవరి నోటి నుంచో విని ఎక్కించిన మాటలు మీరు ఎలా వింటే అలాగే ఉండాలి, ఏ ఊరు, ఎవరన్నారు అన్న వివరాలతో సహా.

ఇంకొక్కటి. మీ ఉత్తరం చివరివాక్యంలో వ్ర రెండుసార్లు వచ్చింది, ఉత్తరం దగ్గరున్నదాని జోలికి నేను రాను. తైలం మాత్రం రాసుకోండి.