రెండో తరగతి పిల్లలకు ఫోన్, టీవీ వాడి పాఠం ఎలా చెప్పాలి?

డీఎల్ఎడ్ (ప్రాథమిక టీచర్ల శిక్షణ కోర్సు) రెండో ఏడాదిలో ఉన్నానని, హైదరాబాద్‌లోనే ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఇంటర్న్‌షిప్ పడిందని, రెండో తరగతి ఇచ్చారని రాశారు. ప్రతి పీరియడ్ ప్లాన్‌లో టెక్నాలజీ కనబడాలని కాలేజీలో అంటున్నారట. వీడియో పెడితే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, ఆపగానే గోల, పాఠం మాత్రం ముందుకు సాగట్లేదు, ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న. నేను సిటీలో ఏళ్ళ తరబడి ప్రైమరీ పిల్లలకే చెబుతున్నాను. మా స్కూల్‌కి మీలాంటి ట్రైనీలు వస్తూనే ఉంటారు. వాళ్ళతో కలిసి చేసి చూసిన పనులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆరేడేళ్ళ పిల్లలకు ఏదో ఒకటి చూపించాలని ఫోన్ తీయడం బాగా తగ్గించండి. వాళ్ళు మాట్లాడింది, చదివింది, చెప్పిన జవాబు ఫోన్‌లోకి ఎక్కించి, దాన్నే తిరిగి వాళ్ళ ముందు పెట్టండి. వీడియో నడిచినంతసేపు క్లాసు కుదురుగా ఉంటుంది కాబట్టి కొత్త టీచర్లకు ముందు అదే తోస్తుంది. అయిపోయాక “ఏం చూశారు?” అని అడిగితే ఏనుగొచ్చింది, పాటొచ్చింది అంటారు. మీరు నేర్పాలనుకున్న సంగతి చాలామంది నోట రాదు.

అన్నిటికంటే తేలికైనది వాయిస్ రికార్డర్. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. ఏ ఫోన్‌లోనైనా ఉంటుంది, నెట్ అక్కర్లేదు. మన సిటీ క్లాసులు ఎలా ఉంటాయో మీరు ఈపాటికి చూసే ఉంటారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పాప, పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చినవాళ్ళ బాబు, ఒడిశా నుంచి వచ్చిన పిల్లాడు ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఉర్దూ, హిందీ ఇంటిభాషగా ఉన్న పిల్లల్లో చాలామందికి ‘ళ’ నోరు తిరగదు. ‘నీళ్ళు’ను ‘నీల్లు’ అంటారు. మీరు పదిసార్లు సరిచేసినా లాభముండదు. తేడా వాళ్ళ చెవికి తెలియాలి.

మా దగ్గరికి వచ్చిన ఒక ట్రైనీ పాఠంలోంచి రెండే రెండు వాక్యాలు తీసుకుని ఈ ముగ్గురి చేతా చదివించి, ఒకరి తర్వాత ఒకరిది వినిపించింది. ఒడిశా పిల్లాడు ‘నీళ్ళు’ అని గంట కొట్టినట్టు పలికాడు. ఒడియాలో ‘ళ’ ఉంది మరి. తెలుగు సరిగా రాదని అందరూ అనుకునే ఆ బాబు వైపు క్లాసంతా తిరిగి చూసింది. పాప మొదటిసారి తన గొంతు విని సిగ్గుతో మొహం బల్ల మీద పెట్టేసుకుంది. రెండోసారి వింటూ పెదాలు కదిపింది. తర్వాత తనే లేచి “టీచర్, మళ్ళా చదువుతా” అంది. నాలుక పైకి మడిచి, వేలు పెట్టి ఎక్కడ తగులుతుందో చూసుకుని మరీ చదివింది. ఆ రోజు ‘ళ’ పూర్తిగా వచ్చేసిందని చెప్పను. కానీ ఎక్కడ సరిచేసుకోవాలో ఆ పాపకు తెలిసిపోయింది. టీచర్ నోటి నుంచి వంద సవరణలు విన్నా రానిది అదే.

ఇది చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పిల్ల ఒప్పుకుంటేనే అందరి ముందూ వినిపించండి, లేకపోతే పక్కకు పిలిచి చెవి దగ్గర పెట్టండి. ఇంటర్న్‌షిప్ మొదట్లో చదివింది ఒకటి దాచుకుని చివర్లో మళ్ళీ అదే పేరా చదివించి, రెండూ పక్కపక్కన వినిపించండి. పిల్లలు తాము ఎంత దూరం వచ్చామో చెవులారా వింటారు. గూగుల్ వాళ్ళ రీడ్ ఎలాంగ్ ఆప్ కూడా ఇలాంటిదే. 2019లో బోలో పేరుతో మన దేశంలోనే మొదలైంది, తెలుగు కథలూ ఉన్నాయి. పిల్లలు పైకి చదువుతుంటే విని, ఆగినచోట సాయం చేస్తుంది. కాకపోతే నిండు క్లాసులో చుట్టుపక్కల గోలంతా మైక్‌లోకి పోతుంది. వరండాలో ఒక మూల, ఒక్కో పిల్లకు కాసేపు, అంతే కుదురుతుంది.

ఇక రాత సంగతి. స్కూల్లో టీవీనో ఐఎఫ్‌పీ ప్యానెలో (చేత్తో తాకి వాడే పెద్ద తెర) ఉంటే మీ ఫోన్ దానికి కలిపి, గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని మైక్ గుర్తు నొక్కండి. సంక్రాంతి సెలవులయ్యాక ఇంట్లో ఏం చేశారో ఒక్కొక్కరినీ ఒక్క వాక్యం చెప్పమన్నాం. “మా నాయనమ్మ సకినాలు చేసింది” అని ఒక బాబు అనగానే ఆ అక్షరాలు తెర మీద వరుసగా పడ్డాయి. తన మాట అచ్చులో కనబడితే పిల్లలు ఎలా చూస్తారో మీరే చూడాలి. ఏ అక్షరం ఏదో సరిగా గుర్తుపట్టని పిల్లలు కూడా ‘నాయనమ్మ’ ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు. ఎందుకంటే ఆ వాక్యం వాళ్ళదే. తర్వాత దాన్ని చార్టు మీద పెద్దగా రాసి, మాటలు విడివిడిగా కత్తిరించి, కలిపేసి, మళ్ళీ పేర్చమనండి. తెర పని అయిదు నిమిషాల్లో అయిపోవాలి. మిగతా పీరియడంతా ఆ కాగితం ముక్కలదే.

వాయిస్ టైపింగ్‌కు పుస్తకాల తెలుగు బాగా తెలుసు, మన పిల్లల తెలుగు దగ్గర తడబడుతుంది. “ఊరికి పోయినం” అన్న పిల్లాడి మాట ఇంకేదోగా పడితే, మీరే చేత్తో దిద్ది వాడు అన్నది అన్నట్టే పెట్టండి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. ఇంటి మాట బడిలో తప్పు అయిపోతే ఆ వయసులో పిల్లలు నోరు కట్టేసుకుంటారు. కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, స్థాయిల వారీగా ఉంటాయి. అక్షరాల మీద కాగితం అడ్డం పెట్టి బొమ్మలు మాత్రమే చూపించి, కథ పిల్లల చేతే చెప్పించండి.

లెక్కలకు నేను గట్టిగా చెప్పేది ప్లిక్కర్స్ అనే ఆప్. పిల్లల చేతిలో ఒక్క పరికరం కూడా ఉండదు. నలుపు గడుల బొమ్మ ఉన్న కాగితం కార్డు ఒక్కొక్కరికి ఒకటి ఇస్తారు. కార్డు నాలుగు అంచుల మీద ఎ, బి, సి, డి అని చిన్నగా ఉంటుంది. తమ జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటారు, మీరు ఫోన్ కెమెరాతో క్లాసు మొత్తాన్ని ఒకసారి చూస్తే ఎవరు ఏం చెప్పారో పేర్లతో సహా కనిపిస్తుంది. ప్రతి కార్డు బొమ్మ వేరు కాబట్టి పక్కవాళ్ళను చూసి తిప్పడం కుదరదు. ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లల జవాబు కూడా మీకు అందుతుంది.

దీని విలువ ఒక్క లెక్కలో తెలుస్తుంది. 42లోంచి 17 తీసేయమని, 25, 35, 59, 24 అని నాలుగు జవాబులు ఇవ్వండి. 59 పెట్టినవాళ్ళు కూడేశారు, వాళ్ళకు గుర్తు చూడమంటే చాలు. 35 పెట్టినవాళ్ళ సంగతి వేరు. 2లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7లోంచి 2 తీశారు. వాళ్ళకు తీసివేత రాదని కాదు, పదిని విడదీయడం ఇంకా చేతికి రాలేదు. నోట్‌బుక్కులు దిద్ది ఇది పట్టుకునేసరికి మర్నాడు అవుతుంది, ఇక్కడ అదే పీరియడ్‌లో తెలిసిపోతుంది. ఆ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని పదేసి ఐస్‌క్రీమ్ పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు ఇవ్వండి. పదిహేడు తీయమంటే ఒక కట్ట విప్పక తప్పదని వాళ్ళ చేతులకే తెలుస్తుంది. ఆ విప్పడం ఫోన్‌తో నేర్పలేం. ఎవరికి నేర్పాలో మాత్రం ఫోన్ చెప్పగలదు. కార్డులను చార్టుకు అతికించుకోండి, మెరిసే లామినేషన్ చేయిస్తే ట్యూబ్‌లైట్ వెలుగు పడి కెమెరా చదవలేదు.

వీడియో అసలే వద్దనను. దూరంగా ఉన్నవి, కంటికి ఆననివి, మరీ నెమ్మదిగా జరిగేవి అయితే పెట్టండి. మన సిటీ పిల్లల్లో సముద్రం చూడనివాళ్ళు బోలెడుమంది, అల ఎలా విరుగుతుందో చూపించడానికి వీడియోనే దిక్కు. మొలక లాంటివాటికి సొంతంగా తీసుకోవడమే మేలు. తడిగుడ్డలో పెసలు పెట్టి, రోజూ పొద్దున అదే చోటు నుంచి పిల్లల చేత ఫోటో తీయించి, వారం చివర్లో వేగంగా తిప్పి చూపిస్తే వేరు ముందు వచ్చిందా, ఆకు ముందు వచ్చిందా అని వాళ్ళే వాదించుకుంటారు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల ఆప్ దీక్షాతో స్కాన్ చేసి, ముందు రోజు రాత్రే డౌన్‌లోడ్ చేసుకుని మొదటి నుంచి చివరి దాకా మీరు చూడండి. క్లాసులో ఒకటి రెండు చోట్ల ఆపి, తర్వాత ఏమవుతుందో అడగాలి. కోవిడ్‌తో బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్ళలో పాఠాలు మొదలైనప్పుడు కూడా మూడో తరగతి నుంచే మొదలుపెట్టారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలను తెర ముందు కూర్చోబెట్టి వదిలేస్తే చదువు రాదు, పక్కన మనిషి ఉండాలి.

గదిలో తెర కన్నా శబ్దం ముఖ్యం. ఫోన్ స్పీకర్ వెనక బల్లకు వినపడదు, కోఠి గుజరాతీ గల్లీలో చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి కొనుక్కోండి, మీ సర్వీసంతా పనికొస్తుంది. నెట్ అవసరం లేని పని అయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు స్క్రీన్ పిన్ చేయండి, వేరే ఆప్‌లోకి పోరు. కరెంటు పోతే అదే పాఠం నల్లబల్లతో నడిచేలా ప్లాన్ ఉండాలి.

ఫోన్ అవసరమయ్యే హోంవర్క్ ఇవ్వకండి. మన పిల్లల ఇళ్ళలో చాలాచోట్ల ఉండేది ఒక్క ఫోన్, అది ఆటో నడిపే నాన్నతోనో డెలివరీ పని చేసే అన్నతోనో పోతుంది. రాత్రి పదింటికి వచ్చాక హోంవర్క్ ఎక్కడిది? మరో మాట, పిల్లల ఫోటోలు, గొంతులు మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి, ఎంత ముద్దొచ్చినా సరే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ళ వివరాలు సేకరించే సంస్థలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. ప్లిక్కర్స్ లాంటి ఆప్‌లలో పూర్తి పేర్లు కాకుండా రోల్ నంబర్లు వేసుకోండి. రికార్డింగులు దేనికి తీస్తున్నారో హెచ్ఎంకు, తల్లులకు ముందే చెప్పండి, ఇంటర్న్‌షిప్ అయిపోగానే చెరిపేయండి.

కాలేజీ సూపర్‌వైజర్ టెక్నాలజీ ఎక్కడ అంటే ఏం చెప్పాలన్న టెన్షన్ మీ ప్రశ్నలోనే కనిపిస్తోంది. టీపాక్ గురించి చదివే ఉంటారు, పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే పరిశోధకులు 2006లో చెప్పిన చట్రం. విషయం, బోధించే తీరు, టెక్నాలజీ మూడూ కలిసే చోట పాఠం ఉండాలన్నది దాని సారం. అందుకే పీరియడ్ ప్లాన్‌లో టీఎల్ఎం (బోధన సామగ్రి) దగ్గర ‘ఫోన్’ అని రాసి వదిలేయకండి. “42–17లో ఎవరు ఎక్కడ ఆగారో అదే పీరియడ్‌లో తెలుసుకోవడానికి ప్లిక్కర్స్, ఆ తర్వాత పుల్లల కట్టలు” అని రాయండి. అది చదివాక టెక్నాలజీ ఏదని ఎవరూ అడగరు.

మొదటి వారం రికార్డర్ ఒక్కటే పట్టుకోండి. ప్లిక్కర్స్ పిల్లల మొహాలు, రోల్ నంబర్లు మీకు నోటికి వచ్చాక మొదలుపెట్టండి, లేకపోతే ఫోన్‌లో 14 తప్పు అని కనబడినా, ఆ 14 ఏ బల్ల మీద ఉందో మీరు వెతుక్కోవాల్సి వస్తుంది.