వెనక సీట్లో కూర్చున్నా బెల్ట్ పెట్టాల్సిందేనా?

ప్రశ్న: మాది వైజాగ్‌లో మద్దిలపాలెం అండి. సెలవొస్తే అత్తయ్యగారు, మావయ్యగారు, పిల్లల్తో కలిసి భీమిలో అరకో కార్లో వెళ్తుంటాం. బెల్ట్ పెట్టుకోకపోతే వచ్చే ఆ టింగ్ టింగ్ సౌండ్ పడక మా ఆయన బకిల్‌లో ఉత్త క్లిప్ ఒకటి గుచ్చేశారు. మావయ్యగారేమో "వెనక కూర్చునేవాళ్ళకి బెల్టేటమ్మా, ఎయిర్‌బ్యాగులున్నాయి కదా" అంటారు. ఏం చెప్పమంటారు?
– ఓ కోడలు

జవాబు: ముందు ఆ క్లిప్ పీకి డస్ట్‌బిన్‌లో పడేయండి, పర్మిషన్ కూడా అడగొద్దు. అలాంటివి అమ్మకానికి పెట్టొద్దని ఆన్‌లైన్ కంపెనీలకి 2023లో కేంద్రం నుంచే ఆర్డర్ వచ్చింది. ఇక ఎయిర్‌బ్యాగ్ అంటారా, అది బెల్ట్‌కి తోడే గానీ దాని బదులు పనిచేసేది కాదు, రెప్పపాటులో పేలినట్టు తెరుచుకుంటుంది, బెల్ట్ లేక అప్పటికే ముందుకి తూలిపోయిన మనిషికి ఆ బ్యాగే దెబ్బ.

మావయ్యగారికి నా మాటగా ఇది చెప్పండి. 60 స్పీడ్‌లో బండి దేన్నైనా గుద్దిందంటే నాలుగంతస్తుల మేడ మీంచి కింద పడ్డంత దెబ్బ, బెల్ట్ లేకుండా వెనక కూర్చున్న ఆయన ఆ స్పీడ్‌తోనే వచ్చి ముందున్న కొడుకు సీటుని గుద్దుతారు, అంటే బెల్ట్ ఆయన కోసమే కాదు మీ ఆయన కోసం కూడా. టాటా గ్రూప్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది 2022 సెప్టెంబర్‌లో ఇలాగే, పెద్ద కంపెనీ కారే, వెనక సీట్లో బెల్ట్ లేకుండా ఉన్న ఇద్దరూ చనిపోయారు, ముందున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు.

అయితే నాకు తెలిసి చాలామంది వెనక బెల్ట్ పెట్టుకోకపోడానికి కారణం మొండితనం కాదు, సీట్ కవర్లు! కారు కొన్న వారానికే కవర్లు వేయించేస్తాం, వెనక బకిల్స్ కాస్తా వాటి కిందకి పోతాయి, ఇక అరకు ఘాట్ మలుపుల్లో కూర్చుని చేత్తో తడుముకుంటే దొరుకుతాయా? ఇవాళే కవర్ లేపి చూడండి, మూడూ పైకి లాగి పెట్టండి, అవసరమైతే కవర్‌కి కట్ పెట్టించండి. ముందు సీట్లకి పక్క ఎయిర్‌బ్యాగులుంటే వాటి మీద కూడా కవర్ బిగించేయకూడదు. మన ఊరి ఉక్కకి బెల్ట్ కింద చొక్కా తడిసిపోతుంది, నిజమే, ఏసీ వేసుకోండి.

ఫైన్ సంగతి: వెనకవాళ్ళకైనా వెయ్యి రూపాయలే. 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్ట్ లేకపోతే ఆ వెయ్యి డ్రైవర్ కట్టాలి.

ప్రశ్న: నాకు ఏడో నెల. బెల్ట్ పెడితే బిడ్డకి నొక్కుకుంటుందని అమ్మ వద్దంటోంది.
– గాజువాక నుంచి

జవాబు: పెట్టుకోవాలమ్మా, కాకపోతే పద్ధతి ఉంది. కింది పట్టీ పొట్ట మీదుగా కాదు, పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీద. పై పట్టీ రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కగా రావాలి, చంక కిందకి తోసేయొద్దు. ఎక్కడైనా బండికి చిన్న గుద్దు తగిలినా, మీకేం నొప్పి లేకపోయినా సరే, ఆ రోజే డాక్టర్‌కి చూపించుకోండి.