గోరింక పిల్లకి నీళ్లు పోయకు

చిన్నీ,

మీ అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. నిన్న సాయంత్రం అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర గోరింక పిల్ల దొరికిందట, చెప్పుల పెట్టెలో పెట్టుకుని కూర్చున్నావట, ఆఫీసుకి రెండు రోజులు సెలవు కూడా పెట్టావట. బొద్దింకని చూస్తే మంచమెక్కే పిల్లవి, పిట్టని చేత్తో పట్టుకున్నావా! గర్వంగానే ఉంది. భయంగానూ ఉంది. ఫోన్‌లో చెబితే "సరే అమ్మమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఫ్యాన్ ఆపు. పెట్టెకి గాలి ఆడే చిల్లులు పెట్టి, ఏసీకి దూరంగా ఉంచు. పిల్ల ఒళ్లు చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టు. వెచ్చబడ్డాకే తిండి. పాలు అసలు వద్దు, పిట్టలకి అరగవు.

ఇక నీళ్లు. నోట్లో ఒక్క చుక్క కూడా పోయకు.

నాకప్పుడు పదకొండేళ్లు. మా పెంకుటింటి చూరులో గోరింకలు గూడు పెట్టేవి. ఓ వేసవి మధ్యాహ్నం ఒక పిల్ల అరుగు మీద పడింది. నోరు ఇంతలా తెరిచి ఉంది, చుట్టూ పసుపుపచ్చ అంచు. దాహమనుకున్నాను. మా తమ్ముడి ఉగ్గుగిన్నె తెచ్చి కొంచెం కొంచెంగా పోశాను. బావి గిలక మీద పెద్ద గోరింక ఒకటి, ముక్కున మిడతని పట్టుకుని అటూ ఇటూ మసులుతోంది. పొడవడానికొచ్చిందనుకుని చేటతో తోలాను. తోలినకొద్దీ వచ్చి వాలేది. నేను మళ్లీ పోశాను. పిల్ల తల విదిల్చింది. ముక్కు రంధ్రం దగ్గర చిన్న బుడగ వచ్చి పగిలింది. ఇంకోటి వచ్చింది. నేను నవ్వాను కూడా. మూడోది రాలేదు.

ఆ రాత్రంతా ఏడ్చాను, ఇంకాస్త నీళ్లు పోసి ఉంటే బతికేదని.

పెళ్లయ్యాక కోళ్లు పెంచేవాళ్లం కదా, ఓసారి మందు పోయడం నేర్పిస్తూ పశువుల డాక్టరు కోడి నోరు తెరిచి చూపించాడు. నాలుక మొదట్లో సన్నటి చీలిక, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. "అది ఊపిరిగొట్టం అమ్మా, నీళ్లు అందులోకి పోతే అంతే" అన్నాడు. అక్కడే కూలబడిపోయాను. ఎండ దెబ్బ అనుకుని మీ తాతయ్య నాకు నీళ్లు తెచ్చారు.

దానికి కావలసిన తడి తిండిలోనే ఉంటుంది. ఉడికిన గుడ్డు పచ్చసొన కాస్త తడిపి, శనగగింజంత, అది నోరు తెరిచినప్పుడే పెట్టు. పగలు గంటకోసారి చాలు, రాత్రి నిద్రపోనీ.

అయినా ఇదంతా రేపు తెల్లారేదాకే. ఒళ్లంతా ఈకలున్నాయి, తోక పొట్టిగా ఉంది, గెంతుతోంది అంది మీ అమ్మ. అది పడిపోలేదే పిచ్చిదానా, ఎగరడం నేర్చుకుంటోంది! తల్లీతండ్రీ అక్కడే తిరుగుతుంటాయి. తెల్లారగానే దొరికిన చోటే, పిల్లికి అందని ఎత్తులో బుట్ట కట్టి అందులో పెట్టు. దూరం నుంచి గంటా రెండు గంటలు చూడు. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదంటారే, అది ఉత్తిమాట. నేనూ చాలా ఏళ్లు నమ్మాను. ఒకవేళ పిల్లి కరిచి ఉంటే, పంటిగాటు ఎంత చిన్నదైనా సరే, ఇవేవీ వద్దు, వెంటనే పిట్టల్ని చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. పిల్లి నోటి క్రిములు పిట్టని బతకనివ్వవు.

ఉంచేసుకుంటానని మాత్రం అనకు. ఇలాంటి పిట్టల్ని పంజరంలో పెట్టడానికి 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచు, దానికి అప్పుడే పేరు పెట్టేశావట, అదీ నా టెన్షన్.

తల్లి వచ్చి తీసుకుపోతే నీకింకో రోజు సెలవు మిగులుతుంది. ఊరికి రా. పనసకాయ పండింది, నువ్వు వచ్చేదాకా కోయను.

ఫ్యాన్ ఆపావా?

అమ్మమ్మ