నారు పోస్తారా, నాటుతారా?

సందేహం: "నారు పోసినవాడు నీరు పోయడా?" అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. నారు నాటుతారు గానీ పోస్తారా? 'పోయడా' అంటే పోస్తాడనా, పోయడనా? రేపటి సంగతి దేవుడికి వదిలేసి చేతులు ముడుచుకోమనడమేనా ఇది?

సమాధానం: నారు పోయడం వేరు, నాటడం వేరు. వాటి మధ్య మూడు నాలుగు వారాల దూరం ఉంది. వరి విత్తనాన్ని ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు మండె కట్టి (తడి గింజలను మొలకెత్తడానికి మూటకట్టి ఉంచి), మొలకెత్తాక దమ్ము చేసిన, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నిన మడిలో చల్లడమే నారు పోయడం. ఎకరం నాటుకు సుమారు 20–25 కిలోల విత్తనం, 5 సెంట్ల నారుమడి కావాలి. పెరిగిన నారు పీకి పొలంలో నాటుతారు. పోయడమంటే నీళ్లనే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. తలంబ్రాలు పోస్తాం, వడ్లు రాశి పోస్తాం. ప్రాణం కూడా పోసేదే!

'పోయడు' అనే వ్యతిరేక క్రియకు ప్రశ్నార్థకమైన 'ఆ' చేరి 'పోయడా' అయింది. కాకువుతో, అంటే గొంతు విరుపుతో పలికితే 'తప్పక పోస్తాడు' అని తాత్పర్యం. ఒక విశేషం గమనించండి. 'ఆయన కాఫీ తాగడు' అంటే ఎప్పటి అలవాటో, 'రేపు రాడు' అంటే రేపటి మాట. స్వభావానికీ భవిష్యత్తుకీ తెలుగులో ఒకటే రూపం. రేపటి నీటి మీద భరోసాను పోసినవాడి స్వభావం మీద నిలబెట్టడానికి ఇంతకంటే అనువైన క్రియ దొరకదు. పైగా 'పోస్తాడులే' అంటే ఓదార్పు మాత్రమే; 'పోయడా?' అంటే జవాబు వినేవాడే చెప్పుకోవాలి.

ఇక చేతులు ముడుచుకోవడం గురించి. చల్లిన మొలక మీద నీరు నిండుగా కడితే కుళ్లిపోతుంది. అది నిలదొక్కుకునేదాకా తడి మాత్రం ఉంచి, తరవాత పలచగా కడతారు. పంటకాలమంతటి నీరూ మొదటిరోజే మడిలో పోసే రైతు ఉండడు. ఏ పూటకు తగ్గది ఆ పూటకే. కాబట్టి సామెత వద్దన్నది బెంగని, పనిని కాదు. బిడ్డ పుట్టగానే పెంపకం గురించి దిగులుపడేవారికి, చేయగలిగింది చేసి కూడా నిద్రపట్టనివారికి ఎదుటివాళ్లు చెప్పే మాట ఇది. తన బద్ధకానికి తానే వాడుకుంటే వెటకారంలా వినిపిస్తుంది. అన్నట్టు, సామెతలో దేవుడి పేరే లేదు. 'వాడు' ఎవరో వేరే చెప్పనక్కర్లేదనుకున్నారు.

'నారు పోయినవాడు' అని మాత్రం రాయకండి. అది 'పోయు' కాదు, 'పోవు'. అలా రాస్తే నారంతా నష్టపోయిన రైతు అవుతాడు.